అనంతగిరికి ఆటస్థలము
(అనంతగిరిలో జరిగిన యొక సమావేశమున న్యాయవాదియు, ఉద్యమసేవకుడునగు ఒక మిత్రుడు చేసిన యుపన్యాసపు పాఠము)



కోర్టులో వాదించుట కలవాటుపడిన నోరు ఆటలను గూర్చి పలుకుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. నిన్నటిదాక నాకును అట్లే తోచెడిది. నిన్న సాయంకాలము శృంగవరపుకోట నుండి ఘాటురోడ్డు మీదుగా వచ్చుచుండగా, ఒక మలుపుకడ మా బండి నిలుపవలసి వచ్చినది. పదిమంది పిల్లలు రోడ్డునడుమ బట్టచెండుతో ఆడుచుండిరి. అందరిలోను చిన్నవాడొకడు మాత్రము ఆటలో లేడు. వాడు మలుపునొద్ద నొక రాతిపై నిలుచుండి, బండి వచ్చుచున్న చప్పుడైనప్పుడెల్ల కేక వేయుచుండెను. కేక వినగానే పిల్లలు ప్రక్కకు తొలగుచుండిరి. బండి పోగానే మరల ఆట సాగుచుండెను. "నీవేల ఆడవురా?" యని వాని నడిగితిని. "ఇయాల కాపలా నా వంతు బాబూ" అని చెప్పి, వాడు మరల రోడ్డువంక చూపు త్రిప్పెను.

అయ్యలారా, ఆ మాట విన్నది మొదలు నాకు స్థిమితము లేదు. ఆడుకొనుటకు బదులు ప్రాణములకు కాపలా కాయుట మన బిడ్డలలో వంతులవారీ పనియైనది. పర్యాటకుల బండ్లు నానాటికి హెచ్చుచున్నవి. రోడ్డు వెడల్పైనకొలది బండ్ల వేగము పెరుగును. ఈ కాపలా యెన్నాళ్లు ఫలించును? ఏదో యొకనాడు కేక ఆలస్యమైనచో మనమందరము అచట గుమిగూడి కన్నీరు కార్చి, పిదప తీర్మానములు చేయుదుము. ఆ తీర్మానమేదో ముందుగానే చేయుడని వేడుకొనుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

ముందుగా రెండాక్షేపణలకు సమాధానము చెప్పుదును. "కొండ పిల్లలకు కొండయే ఆటస్థలము గదా, వేరుగా స్థలమేల?" యని మైదానపు మిత్రులు కొందరందురు. వినుట కిది సొంపుగానే యుండును. కాని కొండపై పిల్లలు పరుగెత్తునది కట్టెల కొరకును, మేకల వెనుకను, నీటిబిందెతోడను. అది పని, ఆట కాదు. చెడుగుడునకు చదునైన నేల కావలయును. కోకోకు గీతలు గీచిన బరి కావలయును. ఏటవాలు నేలపై చెండు నిలువదు. కొండసీమలో చదునైన నేల మిక్కిలి అరుదు గనుకనే, దొరికిన ప్రతి చదును ముక్కపైని రోడ్డుకును, దుకాణమునకును, విడిదికిని కన్నుపడుచున్నది. కనుక మైదానపు టూళ్లకంటె కొండయూళ్లకే ఆటస్థలమును ముందుగా కేటాయించి కాపాడవలసిన యవసరమెక్కువ.

మఱియొక యాక్షేపణ ఇంతకంటె బరువైనది. "తాగునీరు లేని గూడెములున్నవి, డోలీలో రోగులను మోయు దారులున్నవి, ఇట్టి స్థితిలో ఆటలకు డబ్బా?" యని యడుగువారు మనలోనే కలరు. వారి బాధ న్యాయమైనది. నేను వారితో వాదించను. లెక్క మాత్రము చూపుదును. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు పంచాయితీలకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 60 పాళ్లు తాగునీటికిని, పారిశుధ్యమునకును కట్టుబడి యుండెను. తక్కిన 40 పాళ్లు మాత్రమే స్థానికావసరముల కుద్దేశింపబడినవి. అనగా నీటి సొమ్మును ఆటస్థలమునకు మళ్లింప నెవరికిని వీలులేదు. మళ్లింపవలెనని నేను కోరుటయు లేదు. నీటికొరకును, దారికొరకును చేయు పోరాటము ఒక్క దినమైనను ఆగరాదు. కాని ఆటస్థలము నాపినంత మాత్రమున ఏ గూడెమునకును కుళాయి రాదు. ఆ రెంటికిని పోటీ పెట్టి, రెండును చేయక యుండుట పాలకులకు సులభమైన యుపాయము. ఆ వలలో మనము పడరాదు.

ఆట విలాసము కాదని చట్టము సైతము చెప్పుచున్నది. ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము విశ్రాంతిని, ఆటను బిడ్డ హక్కుగా నెన్నినది. మన దేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధములో తరగతిగదికిని, తాగునీటికిని సరసన ఆటస్థలము గూడ పాఠశాలకు ఉండవలసిన వానిలో పేర్కొనబడినది.

చట్టముకంటె మనుష్యుల చరిత్ర మనసునకు బాగుగా నెక్కును. 1928లో ఆంస్టర్‌డాము ఒలింపిక్సులో స్వర్ణము గెలిచిన భారత హాకీ జట్టునకు నాయకుడుగా నుండినవాడు ఛోటానాగపూరు ఆదివాసి బిడ్డ జయపాల్ సింగ్ ముండా. పిదప రాజ్యాంగ సభలో ఆదివాసుల పక్షమున గొంతెత్తినవాడును ఆతడే. మన ఉత్తరాంధ్రకు వత్తము. వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడు విజయనగరమున వ్యాయామశాల నడిపి బలశాలులను తయారుచేసెను. శ్రీకాకుళపు పల్లెబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్సులో పతకమందిన మొదటి భారతనారి యైనది. మన పిల్లలందరు పతకములు తేవలెనని నేననుట లేదు. పతకము తేగల బిడ్డయు, తేలేని బిడ్డయు సమానముగా ఆడుకొనుటకు జాగా యుండవలెననియే నా మనవి. జాగా లేనిచోట ఏ బిడ్డయం దేమి బలమున్నదో ఎవరికి తెలియును?

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఆటస్థలమునకు మూడు కావలయును: నేల, ఏర్పాటు, సొమ్ము. ఇందు నేలయే మొదటిది.

మన అనంతగిరి అయిదవ షెడ్యూలు ప్రాంతము. 1959 నాటి 1వ నిబంధనయు, దానిని సవరించిన 1970 నాటి 1వ నిబంధనయు, అనగా మనమందరము 1/70 యని పిలుచుకొను చట్టము, ఇచటి భూమి గిరిజనేతరుల పాలగుటను నిషేధించుచున్నవి. ఈ చట్టమునకు దేశమంతట కీర్తి తెచ్చిన వ్యాజ్యము మన మండలములోనే బుట్టినది. బొర్రా పరిసరములలో గనులకై ఇచ్చిన కౌళ్లను సవాలుచేసి సమత యను సంస్థ సుప్రీము కోర్టునకెక్కగా, 1997 జూలై 11వ తేదీన తీర్పు వచ్చినది. షెడ్యూలు ప్రాంతమందలి ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు కౌలునకిచ్చు నధికారము ప్రభుత్వమునకు లేదని ఆ తీర్పు చెప్పినది. న్యాయశాస్త్ర విద్యార్థులు దేశమంతట మన బొర్రా పేరు చదువుచున్నారు. అట్టి ఊరివారము మన బిడ్డలకు అరయెకరము నేలను నిలుపుకొనలేకపోయినచో నవ్వులపాలగుదుము.

నేల నెంచుకొనుటలో నాలుగు నియమములు చెప్పుదును. మొదటిది: ఏ కుటుంబపు సాగుభూమిని గాని, పోడును గాని ముట్టరాదు. ఒక బిడ్డ ఆటకై మఱియొక బిడ్డ అన్నము తీయుట ధర్మము కాదు. రెండవది: అడవిభూమి విషయమున తొందరపడరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము, గ్రామసభ సిఫారసుపై, ఒక్కొక్కటి హెక్టారునకు లోపుగా, బడి, వైద్యశాల, అంగన్‌వాడి, రోడ్డు, సమాజమందిరము మున్నగు 13 విధములైన సదుపాయములకు అడవిభూమి నిచ్చుటకు వీలు కల్పించినది. ఆ పదుమూటిలో ఆటస్థలము పేరు లేదు. కనుక "ముందు చదును చేయుదము, తరువాత చూచుకొందము" అనువారి మాట వినకుడు. రెవెన్యూ లెక్కలలో ఊరుమ్మడిగా నున్న నేలయో, ఊరితోటలో నొక భాగమో, బడిని చేర్చుకొనియున్న ఖాళీయో వెదకుడు. మూడవది: స్థలము ఇండ్లకు దగ్గరగా నుండవలెను. తెలంగాణములో 2022లో ఊరూర క్రీడాప్రాంగణములను నెలకొల్పబూనినపుడు, కొన్నియెడల అవి ఊరికి దూరముగా, రాళ్లలోను ముండ్లలోను బోర్డులతో మాత్రము నిలిచినవని పత్రికలలో చదివితిమి. తల్లి కంటికి కనబడని ఆటస్థలమునకు ఆడపిల్లను ఎవరును పంపరు. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: నేలను ఆటస్థలముగా లెక్కలలో వ్రాయింపవలెను.

ఈ నాలుగవ నియమము నా సొంత తప్పిదమునుండి నేర్చుకొన్నది. చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది. ఇరువదేండ్ల క్రిందట, మైదానములోని యొక చిన్నపట్టణములో నేను క్రొత్తగా ప్రాక్టీసు పెట్టినపుడు, మా వీధివారము చందాలు పోగుచేసి ఖాళీస్థలమునొకదానిని బాగుచేసి పిల్లలకిచ్చితిమి. ఉయ్యాలలు కట్టితిమి, మొక్కలు నాటితిమి, పెద్దలను పిలిచి సభ చేసితిమి. "కాగితము సంగతి ఏమి?" యని ఒక ముదుసలి గుమాస్తా నన్నడిగెను. "ఊరందరికి తెలిసిన స్థలమునకు కాగితమేల?" యని నేను నవ్వితిని. ఆరేండ్లకు అచట దుకాణములు లేచినవి. కోర్టుకు పోదమన్న, ఆ స్థలము పిల్లలదని చూపుటకు మా చేతిలో చీటీముక్కైన లేదు. ఆ వీధి పిల్లలు నన్ను చూచి, "ప్లీడరుగారూ, మా స్థలమేది?" యని అడుగుచుండిరి. దానికి నేటికిని నాయొద్ద జవాబు లేదు.

దీనికి విరుద్ధమైన యుదాహరణమును గూడ వినుడు. బెంగుళూరులో నొక పేటయందు పార్కునకై ప్రణాళికలో గుర్తించిన స్థలమును ప్రైవేటు వైద్యశాల కిచ్చిరి. పేటవారు వ్యాజ్యమువేయగా, ప్రజల పార్కును అట్లు మళ్లించుట చెల్లదని సుప్రీము కోర్టు 1991లో తీర్పు చెప్పినది. వారు గెలుచుటకు ఆధారమేమి? ఆ స్థలము పార్కని ప్రణాళికలో వ్రాసియుండుటయే. మేము ఓడుటకు కారణమేమి? వ్రాసియుండకపోవుటయే. కనుక గడ్డపార పట్టుటకు ముందు కలము పట్టుడు. గ్రామసభ తీర్మానము, సర్వే హద్దులు, రెవెన్యూ లెక్కలలో నమోదు. ఈ మూడును ముగిసిన పిదపనే పలుగు వేయుడు. 1996 నాటి పెసా చట్టము ఊరుమ్మడి వనరులను కాపాడుకొను శక్తిని, గ్రామాభివృద్ధి పనులకు ముందుగా అనుమతినిచ్చు నధికారమును గ్రామసభకు ప్రసాదించినది. ఆ యధికారమును మనము వాడుకొననిచో అది తుప్పుపట్టిన కత్తియగును.

రెండవది ఏర్పాటు. ఎంత నేల కావలయును? ఎకరములకొలది అక్కరలేదు. చెడుగుడు బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వాలీబాలు బరి 18కి 9. కోకో బరి 27కి 16. ఒక్కొక్కదాని చుట్టును మూడేసి మీటర్లు విడిచినను మూటికిని కలిపి సుమారు 1,390 చదరపు మీటర్లు, అనగా మన లెక్కలో 35 సెంట్లు నిండదు. అరయెకరము, 50 సెంట్లు, దొరికినచో ఇంకను 15 సెంట్లు మిగులును. అందులో పసిపిల్లల మూల యొకటి, చెట్లనీడ, నీటికుళాయి, ఆడపిల్లలకు మరుగుదొడ్డి అమరును. పండుగనాడు థింసా ఆడుటకు అదే మైదానము చాలును. థింసాయు ఆటయే గదా! పెద్దలును పిల్లలును ఒకే నేలపై నాడు సంప్రదాయము మనకు క్రొత్తది కాదు.

పరికరములను గూర్చి యొక మాట. పట్టణములనుండి రంగురంగుల ప్లాస్టికు జారుడుబల్లలను తెచ్చి నిలుపుట నేడు వాడుకయైనది. అవి విరిగినచో బాగుచేయువాడు ఈ కొండపై దొరకడు. ఆంస్టర్‌డాము నగరములో, యుద్ధము ముగిసిన తరువాత, ఆల్డో వాన్ ఐక్ అను వాస్తుశిల్పి 1947 మొదలు ఖాళీ జాగాలలోను, వీధి మూలలలోను వందలకొలది చిన్న ఆటస్థలములను నిర్మించెను. ఇసుకతొట్టి, గెంతుటకు గుండ్రని రాళ్లు, ఎక్కుటకు వంచిన ఇనుపకడ్డీలు, కూర్చుండుటకు బల్లలు: ఇంతే. ధనము కొరవడిన దినములలో ఆ నగరము బిడ్డల నట్లు ఆదుకొన్నది. మనకు రాళ్లకును, వెదురునకును కొదువలేదు. మన వడ్రంగియు, కమ్మరియు చేయగలిగినదే మన ఆటస్థలములో నుండనిండు. అరకులోని పద్మాపురము తోటలో వచ్చిపోవు పిల్లలు ఎక్కుటకు బొమ్మరైలున్నది, సంతోషమే. కాని టిక్కెట్టు కొనక, ప్రతిదినము ఆడుకొనుటకు స్థానికుల బిడ్డలకు గూడ నొక జాగా యుండవలెను గదా!

కొండసీమలో వానయే మొదటి ఇంజనీరు. వాలునేలను నిలువున కోసి చదును చేసినచో రెండు వానకాలములకు కట్ట జారి క్రిందియిండ్లపై పడును. కనుక కోత తక్కువగా నుండవలెను. పైతట్టున నీటిని ప్రక్కకు మళ్లించు కాలువయు, క్రిందితట్టున రాతికట్టయు ముందుగా వేయవలెను. మైదానము ఒక ప్రక్కకు కొలదిగా వాలియుండవలెను. 2014 అక్టోబరు 12వ తేదీనాటి హుద్‌హుద్ గాలివాన మన కాఫీతోటల నీడచెట్ల నెట్లు కూల్చెనో మీరెరుగుదురు. పిల్లలు కూర్చుండుచోట పెళుసుకొమ్మల చెట్లు వలదు. వేరు లోతుగా దిగు మామిడి, చింత వంటివి నాటుడు. ఇక నొకమాట: ఏ ఆట కావలయునో పిల్లలనే యడుగుడు, ఆడపిల్లలను ప్రత్యేకముగా నడుగుడు. మనము వారికై కట్టి, వారికి తాళము వేసిన కట్టడములు ఈ దేశములో చాలనున్నవి.

మూడవది సొమ్ము. ఒక్క జేబునే నమ్మినవానికి పని సగములో నిలుచును. మూడు నాలుగు మార్గములు తెరువుడు. పంచాయితీ నిధులలో స్థానికావసరముల భాగమొకటి. పార్లమెంటు సభ్యునకు నియోజకవర్గాభివృద్ధికై సంవత్సరమునకు 5 కోట్లు కేటాయింపబడుచుండగా, అందు నూటికి ఏడున్నర పాళ్లు గిరిజన నివాసములపై ఖర్చుచేయవలెనని నియమము కలదు. ఆయనను విన్నపముతో కలియుటకు మనకు హక్కున్నది. 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టము గిరిజనుల జనాభా పాళ్లనుబట్టి నిధి కేటాయింపవలెనని నిర్దేశించినది. పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థను దానికై అడుగవచ్చును. 2005 నాటి ఉపాధిహామీ చట్టపు పనుల పట్టికలో ఆటస్థలపు నిర్మాణమును చేర్చియుండిరి. గ్రామోపాధి పథకము ఏ పేరుతో సాగినను, మట్టిపనియు రాతికట్టయు మన కూలీల చేతనే జరుగునట్లును, ఆ కూలి మన యిండ్లకే వచ్చునట్లును పట్టుబట్టుడు.

సందర్శకుల సంగతి గూడ చెప్పవలెను. బొర్రా గుహలను, గాలికొండను, మన కాఫీతోటలను చూచుటకు వేలాదిమంది వచ్చుచున్నారు. వారు మనకు శత్రువులు కారు, అతిథులు. కాని వారి బండ్లే మన పిల్లలను రోడ్డునుండి వెళ్లగొట్టుచున్నవి. సమత తీర్పులో సుప్రీము కోర్టు, గనులనుండి వచ్చు నికరలాభములో కనీసము నూటికి 20 పాళ్లు స్థానికుల నీటికి, బడికి, వైద్యమునకు, దారికి శాశ్వతనిధిగా నుంచవలెనని చెప్పినది. గనికి చెప్పిన ఆ ధర్మము పర్యాటకమునకు వర్తించునని చట్టరీత్యా నేను చెప్పజాలను; న్యాయమునకు మాత్రము వర్తించును. కొండనుచూపి సంపాదించు ప్రతి రూపాయిలో కొండబిడ్డకు కొంత యుండవలెను. గుహల టిక్కెట్టులో ఒక చిన్నపాలు చుట్టుప్రక్కల పంచాయితీల బాలల నిధికి చేరునట్లు గ్రామసభ తీర్మానించి ప్రభుత్వమును కోరవలెనని నా సూచన.

కట్టుటకంటె నిలుపుట కష్టము. పఠనాలయములకు వచ్చు మిత్రులు ఒక సంగతి నెరుగుదురు. 1960 నాటి గ్రంథాలయ చట్టమునుబట్టి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు పన్నుగా వసూలగును. పుస్తకమునకు అట్టి యేర్పాటున్నది, ఆటకు లేదు. వచ్చువరకు మనమే చేసికొనవలెను. నూరిండ్లు నెలకు పదేసి రూపాయలిచ్చినను సంవత్సరమునకు 12,000 రూపాయలగును. వల, త్రాడు, సున్నము, గడ్డికోత, ఇంతకు అది చాలును. పది రూపాయలివ్వలేని ఇంటివారు నెలకొక పూట శ్రమ నీయనిండు. శ్రమ సొమ్ముకంటె తక్కువది కాదు. పెద్ద చందా యిచ్చినవాని పేరు రాతిపై చెక్కుట మాత్రము వలదు. పేరు చెక్కిన పిదప ఆ స్థలము వాని సొత్తను భ్రమ వానికిని, వాని వారసులకును గలుగును.

లెక్కల విషయమున ఎవరినైనను నమ్మవచ్చును గాని, ఎవరి లెక్కనైనను చూడవలసినదే. సంఘములో సగముమంది స్త్రీలుండవలెను. వచ్చినదెంత, ఖర్చైనదెంత యని ఆటస్థలపు గోడమీదనే, చదువనేర్చిన పిల్లవాడు చదువగల పెద్ద యక్షరములతో వ్రాయుడు. నిధులు సరిగా వినియోగమైనవని ధ్రువపరచు నధికారము పెసా చట్టము గ్రామసభకే యిచ్చినది. సంతకము చేయుటకు ముందు లెక్క అడుగుట మర్యాదకు భంగము కాదు. అది ఊరి మర్యాదను కాపాడుట.

అయ్యలారా, అమ్మలారా! నా కోరిక మూడు పనులలో ముగియును. వచ్చు గ్రామసభలో స్థలము నెంచి తీర్మానము చేయుడు. ఆ నెలలోనే సర్వే చేయించి హద్దురాళ్లు పాతి, లెక్కలలో వ్రాయింపుడు. ఆ కాగితపు పని రుసుము లేక చేసిపెట్టు భారము నాది. వానలు తగ్గిన వెంటనే కాలువతో పని మొదలుపెట్టుడు. మైదానము సిద్ధమగువరకు, పిల్లలు బడి విడిచిన తరువాత బడి ఆవరణనే తెరచియుంచుమని ఉపాధ్యాయులను బతిమాలుడు. దానికి కాసైనను ఖర్చులేదు.

మా వీధి పిల్లలకు నేను బదులు చెప్పలేకపోతిని. వారు నేడు పెద్దవారైరి. వారి బాల్యమును ఏ కోర్టును తిరిగి యిప్పింపలేదు. ఇచట మలుపునొద్ద రాతిపై నిలిచిన చిన్నవాని బాల్యము ఇంకను మన చేతిలోనే యున్నది. మరల నేనీ ఘాటురోడ్డున వచ్చునప్పటికి ఆ రాతిపై ఎవరును నిలువకుందురు గాక. ఆ చిన్నవాడును బరిలో దిగి, ఆయాసపడుచు, నన్ను చూడ తీరికలేక ఆడుకొనుచుండును గాక.